వంట మేస్త్రిగారి విదేశాంగ విధానం

నిన్న పొద్దున్న నేను మినుములు చెరుగుతుంటే ఒకాయన కొట్టు ముందు సైకిలాపి, "యుద్ధం మళ్ళీ మొదలెట్టేరంట కదండీ, ఈసారి ఎన్నాళ్ళుంటుందంటారు?" అని అడిగి, వెంటనే నాలిక కరుచుకున్నాడు. ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు. కొట్టు ముందున్న బల్లని అడిగింది. ఆ బల్ల మీద కూర్చుని జవాబు చెప్పే మనిషి ఇప్పుడు లేరు. కిందటి నెల్లో ఓ మధ్యాహ్నం భోంచేసి కాసేపు నడుం వాల్చారు, మళ్ళీ లేవలేదు. ప్రపంచంలో ఇంత గొడవ జరుగుతుంటే, దాని మీద ఒక్క మాటైనా అనకుండా ఆయన అంత నెమ్మదిగా వెళ్ళిపోయారంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన వంట మేస్త్రి. కొత్తపేట చుట్టుపక్కల పెళ్ళి భోజనాలంటే ఆయన గరిటే. నాది కిరాణా కొట్టు, మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. పెళ్ళివారికి కావలసిన సరుకులు చెప్పడానికి వచ్చేవారు. సరుకులు చెప్పడం చిటికెలో అయిపోయేది. మిగిలిన పూటంతా యుద్ధాలే. నాకంటే పెద్దవారై ఉండి కూడా నన్ను అక్కగారూ అనేవారు. నా నోరు అసలే మంచిది కాదు కాబట్టి, అలా పిలిస్తే కాస్త తగ్గుతానని ఆయన ఎత్తు. అంతా తెలిసి కూడా తగ్గేదాన్ని.

ఆయన ప్రపంచ పటం నా గల్లా బల్ల మీదే తయారయ్యేది. సుద్దతో గీసేవారనుకునేరు, నా సరుకులతో. గుప్పెడు కందిపప్పు పోసి "ఇది అమెరికా అండి" అనేవారు. నాలుగు ఎండుమిరపకాయలు రష్యా. చింతపండు ఉండ చైనా, "ఎక్కడ పెట్టినా అంటుకుంటుందండి, ఓ పట్టాన వదలదు" అని వ్యాఖ్యానం. ఓ బెల్లం ముక్క మధ్యలో పెట్టి, "ఇది మనం. అందరికీ తియ్యగా ఉండాలండి, ఎవడి నోట్లోకీ వెళ్ళకూడదు" అనేవారు. ఆఖర్న ఒక్క ఆవగింజ తీసి, జాగ్రత్తగా వేలితో నొక్కిపెట్టి, "ఇది కువైటండి" అనేవారు. ఆ ఆవగింజలో ఆయన భార్య ఉండేది. ఒక పెద్ద కుటుంబంలో వంటకి. ఇక్కడ మొగుడు ఊరందరికీ వండుతుంటే, అక్కడ పెళ్ళాం ఎవరికో వండేది. ప్రపంచం అయిపోగానే తువ్వాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయేవారు. అమెరికాలోంచి రష్యాని ఏరుకోవడం నా వంతు.

"మేస్త్రిగారూ, రేపట్నించి మీ యుద్ధాలు మీ ఇంట్లో చేసుకోండి. నా పప్పులో ఉన్న రాళ్ళు చాలు," అని గయ్యిమనేదాన్ని.

"ఆయ్, అలాగేనండి," అనేవారు. మర్నాడు మళ్ళీ కందిపప్పు డబ్బాలో చెయ్యి.

ఆయనకు వార్తలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నాకు చాలాకాలం తెలియలేదు. ఓసారి ఆవాల పొట్లం విప్పి, కాగితం పైకెత్తి, "అక్కగారూ! కాల్పులు ఆపేసేరంటండీ! శాంతి చర్చలంటండీ!" అని కేకలేశారు. ఆవాలు నేల పాలు. కాగితం లాక్కుని చూస్తే అది ఎప్పటిదో కిందటేడు పేపరు. పొట్లాలు కట్టుకోవడానికి నేను కొనే చిత్తు కాగితాల్లోది. ఆ ఆగిన కాల్పులు మళ్ళీ మొదలై, ఆగి, మళ్ళీ మొదలయ్యాయి కూడా. ఆ మాటే అన్నాను. ఆయన ఇసుమంతైనా తగ్గలేదు.

"పేపరు పాతదైతేనేంటండి, యుద్ధం కొత్తదా? అదే కూర, రోజూ వేడి చేసి పెడుతున్నారు," అన్నారు.

జోస్యాలు సరేసరి. ఒక్కటి నిజమైతే ఒట్టు. రష్యా యుద్ధం మొదలైనప్పుడు, "మీరు మేడ మీద పెట్టిన వడియాలు ఎండేలోపు అయిపోద్దండి" అన్నారు. వడియాలు ఎండాయి, డబ్బాకెత్తాను, వేయించుకు తిన్నాం, పై ఏడు మళ్ళీ పెట్టాను. "ఏమైంది మేస్త్రిగారూ మీ లెక్క?" అని నిలదీస్తే, "లెక్క తప్పలేదండి. వాళ్ళే మాట మీద నిలబళ్ళేదు," అన్నారు.

దేశాలన్నీ ఆయన కంటికి బంతుల్లో కూర్చున్న పెళ్ళిజనం. "మొదటి బంతిలో పెద్ద దేశాలు కూర్చుంటాయండి. గారెలూ బూరెలూ అడక్కుండానే ఆకులో పడతాయి. రెండో బంతి మనలాంటోళ్ళం. అన్నీ ఉంటాయి గానీ ఇంకోటి వెయ్యమని అడగాలంటే మొహమాటం. మూడో బంతికి పప్పూ చారూనండి. తీరా ఆకులెత్తాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ మూడో బంతి వాళ్ళనే పిలుస్తారు," అనేవారు. మరి ఐక్యరాజ్యసమితి సంగతేమిటని నేను ఎగదోస్తే ఆయన మొహం వెలిగిపోయేది.

"అదాండీ? ఆడపెళ్ళివారి పెద్దమనుషులండి. కండువాలుంటాయి, కుర్చీలుంటాయి, మాట చెల్లదు. ఎందుకంటే అయిదుగురు అల్లుళ్ళు ఆ ఇంటికి. అయిదుగురికీ అలిగే హక్కుంది. ఒకడు అలిగేడంటే మిగతావాళ్ళు తినడానికి లేదు."

ఒక్క విషయంలో మాత్రం నేను ఆయనతో వాదించలేదు. శాంతి చర్చల బొమ్మ టీవీలో వస్తే చాలు, ఆయన తల కొట్టుకునేవారు. "చూడండి, మళ్ళీ ఎదురెదురుగా కూర్చోబెట్టేరు! పడనివాళ్ళని ఎప్పుడూ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదండి. వాడి ఆకులో ఏం పడిందా అని వీడు చూస్తాడు. పక్కపక్కనే కూర్చోబెట్టాలి. పక్కనుంటే ఎంతసేపూ తన ఆకే కనపడుద్ది." ఈ పద్ధతిలో వాడపల్లిలో మాటల్లేని బావాబావమరదుల్ని ఓ పెళ్ళిలో పక్కపక్కన కూర్చోబెట్టానని, పెరుగన్నం దగ్గర 'కాస్త ఆ ఊరగాయ ఇటియ్యి బావా' అన్నారని చెప్పుకునేవారు. నిజమో అబద్ధమో ఆ ఊళ్ళో వెలిసిన వెంకన్నస్వామికే తెలియాలి.

ఇదంతా విని ఆయన శాంతమూర్తి అనుకునేరు. అబ్బే! యుద్ధమంటే కాఫీ తాగేలోపు ఏదో ఒక పక్షం ఎంచుకుని తీరాలి. "వెయ్యాలండి నాలుగు! ఊరుకుంటే లోకువైపోతాం," అంటూ బల్ల గుద్దేవారు. ఎక్కడో బాంబు పడితే ఇక్కడ తొడ కొట్టేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువని నేను విసుక్కునేదాన్ని. ఒకరోజు కోపమొచ్చి, "అక్కడ చచ్చేది మనుషులు కాదా మేస్త్రిగారూ?" అన్నాను కూడా. "అదీ నిజమేనండి," అని, మళ్ళీ ఎవరి దగ్గర ఎన్ని విమానాలున్నాయో మొదలెట్టారు.

అలాంటి మనిషి ఇంటికి యుద్ధం వచ్చింది.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పిల్ల బడిలో ఉండగానే తల్లి కువైట్ వెళ్ళింది. ఆవిడ పంపిన దాంతోనే డాబా వేసుకున్నారు, పిల్ల డిగ్రీ చదివింది. రాజోలు వైపు సంబంధం కుదిరింది. పిల్లాడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. ముహూర్తం పెట్టేశారు, పెళ్ళికి వారం ముందే తల్లి వచ్చేట్టు టిక్కెట్టు తీసుకున్నారు. ఆ ముహూర్తం దాటితే మూఢం. అప్పుడు గల్ఫ్ మీద క్షిపణులు లేచాయి. విమానాలు ఆపేశారు.

కూతురి పెళ్ళిలో పీటల మీద కూర్చోవాలని ఆయనకి ఎంత ఆశో నాకు అంతకుముందే తెలుసు. పెళ్ళి పనులు మొదలైన రోజునే వాడపల్లి దగ్గర ఇంకో మేస్త్రిని వంటకి మాట్లాడుకున్నారు. ఇంత పేరున్న మనిషి సొంత కూతురి పెళ్ళికి వేరేవాడి చేత వండించుకోవడమేమిటని నేను వెక్కిరించాను. ఆయన ఎప్పుడూ లేనిది గొంతు తగ్గించి చెప్పారు.

"ఇన్ని పెళ్ళిళ్ళకి వండేనండి. ఒక్క కన్యాదానం కళ్ళారా చూళ్ళేదు. సరిగ్గా ఆ వేళకే పప్పు దింపాలి, అన్నం వార్చాలి. మేళం వినపడుద్ది గానీ మనిషి కనపడడు. పిల్ల పుట్టినప్పుడే మేమిద్దరం అనుకున్నాం. దీని పెళ్ళికి మాత్రం గరిటె ముట్టుకోకూడదు, ఇద్దరం పీటల మీద కూర్చోవాలి అని."

పీటల మీద దంపతులు కూర్చోవాలి. పిల్లాడి కాళ్ళు తండ్రి కడగాలి, తల్లి నీళ్ళు పొయ్యాలి. ఆవిడ రాకపోతే ఆయనకి ఆ పీట లేదు. ఆయన అన్నగారూ వదినగారూ కూర్చోవాలి. ఆయన యుద్ధమంతా ఆ ఒక్క పీట కోసమే.

అక్కణ్ణుంచి ఆయన విదేశాంగ విధానం గంట గంటకీ మారిపోయింది. పొట్లాల కాగితాలు ముట్టుకోవడం మానేశారు, చేతిలో ఎంతసేపూ ఫోనే. ఒకరోజు ఇరాన్‌ది న్యాయమన్నారు. మర్నాడు పొద్దున్నే వచ్చి అదే దేశాన్ని చెడామడా తిట్టారు.

"అదేంటండీ, నిన్న మంచోళ్ళన్నారు?"

"నిన్న వాడి క్షిపణి అటు వెళ్ళిందండి. రాత్రి మా ఆవిడుండే ఇంటి మీంచి వెళ్ళింది. ఆవిడ తెల్లార్లూ పడుకోలేదు."

సాయంత్రానికి అమెరికా వంతు వచ్చింది. "అసలు వీడు అక్కడ సైన్యాన్ని పెట్టకపోతే వాడు ఇటెందుకు వేస్తాడండి? వీడి గొడవలు వీడి పెరట్లో పడొచ్చు కదా!" ఆ మర్నాడు మళ్ళీ ఇంకోడు. మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. ఆవిడకి నిద్ర లేకుండా చేసినవాడు ఆయనకి శత్రువు, ఆ పూట ఊరుకున్నవాడు మిత్రుడు. అంతే. ఇంతకన్నా నిజాయితీ ఉన్న విధానం నేను ఏ టీవీలోనూ వినలేదు.

రోజూ బల్ల మీద కూర్చునే వీడియో కాల్ చేసేవారు. క్షిపణుల కింద ఉన్నది ఆవిడ, ధైర్యం చెప్పేది కొత్తపేటలో కూర్చున్న ఈయన. "అది నీకేసి రాదు. దాని దారి వేరు. నేను చూసేను కదా మ్యాపులో!" అనేవారు. ఆవిడ అటునుంచి నవ్వి, "అక్కగారండీ, ఈయన చెప్పినట్టయితే ఈపాటికి ప్రపంచంలో యుద్ధాలే ఉండకూడదండి," అనేది. గొంతులో మాత్రం నిద్రలేమి తెలిసేది.

ఆ రోజుల్లోనే ఓసారి బల్ల మీద పటం పరిచారు. కందిపప్పు, మిరపకాయలు, చింతపండు, బెల్లం, అన్నీ పెట్టారు. ఆవగింజ పెట్టలేదు.

"కువైటేది మేస్త్రిగారూ?" అన్నాను.

"అది ఈ యుద్ధంలో లేదండి," అన్నారు, నావైపు చూడకుండా.

ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయంటారు. ఆ రోజు పప్పులు గయ్యిమనకుండానే ఏరుకున్నాను.

రెండుసార్లు టిక్కెట్టు దొరికింది, రెండుసార్లూ రద్దయింది. ఆవిడే ఫోన్లో తేల్చి చెప్పింది: "నాకోసం ఆపకండి. పిల్ల ముహూర్తం పోగొట్టకండి." మగపెళ్ళివారు కూడా మంచిగానే అన్నారు, "పెదనాన్నగారున్నారు కదండీ, కూర్చుంటారు" అని. పెదనాన్నగారు మాత్రం రోజూ వచ్చి తమ్ముడి చేతులు పట్టుకునేవారు. "నీ పీట మీద నేనెలా కూర్చుంటానురా?" అని ఆయన బాధ ఆయనది. మేస్త్రిగారికి మాత్రం యుద్ధం మొదలెట్టిన ముహూర్తం మీద కోపం. "ఈ యుద్ధాలు మొదలెట్టేవాళ్ళకి పంతుల్లేరాండీ? పెళ్ళిళ్ళ సీజన్లో ఎవడైనా మొదలెడతాడా? మూఢంలో పెట్టుకుంటే ఎవరొద్దన్నారు?" అని నా మీద అరిచారు. అరిచి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

ఇది చాలదన్నట్టు, గల్ఫ్ ఓడలు ఆగిపోయి గ్యాస్ కరువొచ్చింది. పెద్ద సిలిండర్లు ఎక్కడా దొరకడం లేదు. ఒప్పుకున్న మేస్త్రి పెళ్ళి రెండు రోజులుందనగా వచ్చి, "గ్యాస్ లేకుండా అంత వంట నావల్ల కాదండి" అని చేతులెత్తేశాడు. కట్టెల మీద వండడం వాడికి రాదు, నేర్పినవాళ్ళు లేరు. మేస్త్రిగారు ఇంటి వెనక కొబ్బరి చెట్ల మధ్య నేలలో పొడుగ్గా గాడి తవ్వారు, గాడిపొయ్యి. ఎండు కొబ్బరి మట్టలూ డొక్కలూ తెచ్చి పోగేశారు. ముట్టుకోనన్న గరిటె తీసి కడిగారు. నేను సరుకులు దింపించడానికి వెళ్ళి అది చూసి, పసుపు తక్కువైందేమో చూసుకోండని చెప్పి వచ్చేశాను.

పెళ్ళి పొద్దున్న పూట. పందిట్లో పెదనాన్నగారూ ఆయన భార్యా పీటల మీద కూర్చున్నారు. పంతులుగారు కాళ్ళు కడగమనేసరికి నేనాగలేకపోయాను. లేచి వెనక్కి వెళ్ళాను. గాడిపొయ్యి దగ్గర మేస్త్రిగారు పనివాళ్ళకి యుద్ధం చెబుతున్నారు. ఓడలు వెళ్ళే ఇరుకు దారి ఎక్కడుందో, దాన్ని మూసేస్తే ఎవరెవరి పొయ్యిలు ఆరిపోతాయో గరిటెతో గాల్లో గీసి చూపిస్తున్నారు. పొగకి వాళ్ళ కళ్ళు మండుతున్నాయి, అయినా వింటున్నారు. అంతలో మేళం పెరిగింది. ఆయన గొంతూ పెరిగింది. మేళం ఇంకా పెరిగింది. ఆయన అరుస్తున్నారు.

"చాల్లెండి మేస్త్రిగారూ! అక్కడ మీ పిల్ల పెళ్ళి అవుతోంది. కూర్చోకపోతే పోయె, వచ్చి చూడండి కనీసం!" అని నేనూ అరిచాను.

"వస్తే పప్పు అడుగంటుద్దండి," అన్నారు.

పొయ్యి మీద పప్పు లేదు. ఎప్పుడో దింపేసి మూత పెట్టారు. ఉత్త మంట మండుతోంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. రాలేదు. "నన్ను వదిలెయ్యండి అక్కగారూ. నేను చూళ్ళేనండి," అన్నారు. నేను కూడా అక్కడే నిలబడిపోయాను. ఇద్దరం మేళం ఆగేదాకా మంటకేసి చూశాం.

భోజనాలు బ్రహ్మాండంగా జరిగాయి. పనసపొట్టు కూర గురించి రాజోలువారు ఇప్పటికీ చెప్పుకుంటారు. కట్టెల మీద వండిన రుచే వేరన్నారు. ఆయన బంతి బంతికీ తిరిగి, "మొహమాటపడకండి, అడిగి వేయించుకోండి" అని బతిమాలి పెట్టారు. మూడో బంతికి కూడా గారెలున్నాయి.

కొన్నాళ్ళకి విమానాలు కదిలాయి. ఆవిడ వచ్చే రోజు నన్ను కూడా రావులపాలెం రమ్మన్నారు. "ఒక్కణ్ణీ నిలబడలేనండి," అన్నారు. హైదరాబాదు బస్సు దిగిన మనిషి చిక్కి సగమైంది. ఆయన పెట్టె అందుకోవడానికి వంగి, వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. ఆవిడ చేత్తో పట్టుకుని లేపింది. ఆటోలో మాట్లాడవలసింది నేనే అన్నట్టు దారి పొడుగునా అరటి గెలల ధరలు చెప్పాను.

ఇంటి దగ్గర కూతురూ అల్లుడూ వచ్చి ఉన్నారు, అన్నగారూ వదినగారూ కూడా. తల్లీకూతుళ్ళ ఏడుపులు అయ్యాయి. ఆవిడ స్నానం చేసి, తలకి తడి తువ్వాలు చుట్టుకునే బయటికొచ్చి, "పీటలేవండీ?" అంది.

ఆయన తెల్లబోయారు. "అటక మీదున్నాయి. ఇప్పుడెందుకు?"

"దింపండి."

"మూఢంలోనా?"

"మూఢం పెళ్ళిళ్ళకండి. అల్లుడి కాళ్ళకి నీళ్ళివ్వడానికి ఏ పంచాంగమూ అక్కర్లేదు. దింపండి ముందు."

ఆయన కదల్లేదు. అన్నగారే స్టూలెక్కి పీటలు దింపి, తుడిచి, వరండాలో వేశారు. వదినగారు ఇత్తడి పళ్ళెం తెచ్చారు. అల్లుడు సిగ్గుపడిపోయి, "అయిపోయింది కదండీ అత్తయ్యగారూ, మళ్ళీ ఎందుకండీ?" అన్నాడు. "నీకయిందయ్యా. మాకవలేదు," అంది ఆవిడ. ఆ అబ్బాయి పళ్ళెంలో పాదాలు పెట్టాడు.

మంత్రాల్లేవు, మేళం లేదు. ఆవిడ చెంబు వంచింది. ఆయన అల్లుడి పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నారు. కాగుల మసి దిగిన చేతులు, నూనె చిట్లిన మచ్చల చేతులు. ఒక కాలు కడిగారు, రెండో కాలు కడిగారు, మళ్ళీ మొదటిది అందుకున్నారు. ఏడుస్తున్నారు, ఎవరైనా చూస్తారన్న స్పృహ కూడా లేదు. కూతురు నోరు నొక్కుకుంది. నాకూ ఆగలేదు. చెంబు ఖాళీ అయిపోయింది. ఆయన మాత్రం ఉత్త చేతులతో ఇంకా కడుగుతూనే ఉన్నారు.

ఆవిడ చెంబు పక్కన పెట్టి, ఆయన భుజం మీద చెయ్యేసింది.

"చాలండి," అంది. "నీళ్ళయిపోయేయి."